మొప్పలు ఎర్రగా ఉన్నంతసేపు

కీలుంగ్‌లో వాన లేని రోజుల్ని
వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాం.
అది ఆ లెక్కలోది కాదు.
తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా
చేపల బజారు నుంచి రబ్బరు బూట్లతోనే వచ్చింది బి-లియెన్.
మా బ్రోకరు హాల్లో మూడో వరస, గోడవారగా చివరి కుర్చీ.
ఎవరూ రాసివ్వలేదు, కానీ ఆమెదే.
ఆ పక్క కుర్చీ స్క్విడ్ వాసనది.

నేను కౌంటరు వెనక గుమాస్తాని.
ఫోన్లంటే గిట్టని ముసలివాళ్ళ చీటీలు
ఇంకా నా చేతుల మీదుగానే పోతాయి.

ఇక్కడ బోర్డు మీద ఎరుపంటే ఎక్కడం, పచ్చంటే దిగడం.
కొన్ని దేశాల్లో తిరగేసి రాస్తారని చెబితే
వాళ్ళు చేప కొనరా ఏం, అంది.
మొప్ప ఎత్తి చూడు. ఎర్రగా ఉంటే కొను.
ఎంత ఎర్రగా ఉన్నా మధ్యాహ్నం దాకే.

ఫలానా కంపెనీ ఏం చేస్తుందో తెలుసా అని అడిగానొకసారి.
ఈ చేప ఏ సముద్రంలో ఏం తిందో నాకెందుకు, అంది.
తెల్లారగట్ల వేలంలో
అరిచేవాడు కొనడు,
మాట్లాడకుండా చెవి గోక్కునేవాడి వెనక నిలబడాలి.
బోర్డు మీదా అంతే:
ధర అరుస్తుంది.
పక్కన చిన్న అంకెల్లో, ఎన్ని చేతులు మారాయో,
అది చెవి గోక్కుంటుంది.

తొమ్మిదీ పన్నెండుకి చీటీ వచ్చింది, తడి వేలిముద్రతో.
తైచుంగ్‌లో తలుపు బందుల ఫ్యాక్టరీ.
రెండు వేల షేర్లు, నలభై ఒకటీ ముప్పైకి.
కౌంటరు కింద నా ఫోన్లో
నేనూ కొన్నాను, మూడు వేలు. మూడు నెలల జీతం.
నిబంధనల పుస్తకంలో ఒక పేజీ ఇది ఒప్పుకోదు.
మా చెల్లెలి ఖాతాకి ఆ పేజీ తెలీదు.

పదీ నలభైకి నలభై మూడు దాటింది.
ఆమె లేచింది. అమ్మేయి, అంది.
ఇంకా ఎక్కేలా ఉందే, అన్నాను, నా కోసమే.
ముందు కళ్ళు లోపలికి పోతాయబ్బాయ్,
ఎరుపు ఆఖర్న పోతుంది.
జనం మోసపోయేది అందుకే.
అన్నీ పోను మూడు వేల చిల్లర.
గొడుగు విప్పుకుంటూ వెళ్ళిపోయింది.

క్రేను నడిపి రిటైరైన కూ జిన్-షుయి
ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటూ
మా తోడల్లుడు అక్కడే పనిచేస్తాడు, ఇవాళ పైకప్పు తాకుతుంది, అన్నాడు.
తోడల్లుడి మాట ముందు చేపల మాట ఎంత!
పన్నెండున్నరకి ఎరుపు పలచబడింది.
ఒకటిన్నరకి గంట కొట్టేసరికి బోర్డంతా పాచి రంగు.
ఆ రాత్రి మంచం మీద
నేను దీర్ఘకాలిక మదుపరినయ్యాను.
బందులు లేని తలుపుంటుందా, అని గోడకి వివరించాను.
మంచు గడ్డ మీద మంచు గడ్డ.

ఆమె కూడా ఒకదాన్ని దాచుకుందని నాకు తెలుసు.
ఖాతా పుస్తకంలో అట్టడుగు వరస, నాలుగేళ్ళ నాటి ఓడల కంపెనీ.
కొన్నదాంట్లో మూడో వంతు మిగిలింది.
ఆ కంపెనీ నీలం పొగగొట్టం ఓడలో వంటవాడు
వచ్చినప్పుడల్లా ఆమె దగ్గర అప్పుకి రొయ్యలు తీసుకునేవాడట.
ఒకసారి ఓడ వచ్చింది, వంటవాడు రాలేదు.
అమ్మమంటారా, అని ఏటా అడగాలి, నియమం.
ఏటా ఆమెకి ఆ క్షణంలోనే చెముడొస్తుంది.

మూడో రోజు. ముప్పై ఏడూ ఇరవై.
బి-లియెన్ కౌంటరు మీదకి వంగి
ముక్కు ఎగబీల్చింది.
పొద్దున్నించీ చేపల పేగుల్లో చేతులు పెట్టిన మనిషి.
ఇక్కడేదో మురుగుతోంది, అంది.
కాలవేమో అన్నాను. వానలు కదా.
కాసేపు నా మొహం కేసి,
నా కళ్ళ కేసి, చూసింది.
సరే, చీటీ తీసుకో, అంది,
తొమ్మిదయింది.